మత్సుమత్సు: ఒకే మాట రెండుసార్లు

జపాన్ పడమటి తీరంలో, రైలు దిగి బస్సులో నలభై నిమిషాలు వెళితే మత్సుమత్సు అనే చిన్న ఊరు వస్తుంది. సముద్రానికీ ఊరికీ మధ్య, మన తీరంలో సరుగుడు తోటల్లాగా, మూడు కిలోమీటర్ల పొడవున పైన్ తోపు ఉంది. తోపులోని గుడిలో విగ్రహం లేదు. గడ్డితో అల్లిన ఉప్పు బస్తా ఒకటి వేలాడుతూ ఉంటుంది. యాత్రికులు మొక్కేది దానికే.

పూర్వం ఇక్కడ ఒక్క చెట్టయినా లేదు. గాలికి లేచిన ఇసుక ఏటేటా ఊరి మీదికి వచ్చేది. నలభై ఒక్క ఇళ్లలో పదకొండు పూడిపోయాయి. శరదృతువు రాగానే ఊరు ఖాళీ చేసి కొండ అవతలికి పోవాలని ఊరిపెద్ద తొకుఎమోన్ నిర్ణయించాడు. సముద్రపు నీరు కాచి ఉప్పు తీసే ఒహిసాకు ఆ మాట మింగుడుపడలేదు. పడవలో చేపల వేటకు వెళ్లిన ఆమె భర్త మూడేళ్లయినా తిరిగి రాలేదు. ఊరే లేకపోతే అతను వచ్చి ఏ గుమ్మం తడతాడు?

ఒక మధ్యాహ్నం ఉప్పు పొయ్యి పక్కన ఆమె కునుకు తీస్తుండగా తెల్లగడ్డం పెద్దాయన ఒకరు కలలో కనిపించారు. ఇసుక దిబ్బ వైపు చెయ్యి చూపి 'మత్సు' అని ఒక్క మాట చెప్పి వెళ్లిపోయారు. ఆ దేశపు భాషలో మత్సు అంటే పైన్ చెట్టు. ఎదురుచూడడానికీ అదే మాట. ఒహిసా చెట్టనే అనుకుంది. కొండ మీంచి మూడు వందల మొక్కలు తెచ్చి దిబ్బ మీద నాటింది. ఉప్పుగాలికి రెండు నెలల్లో మాడిపోయాయి. ఈ ఏడు వంటచెరకు బాగా పండిందని ఊరి ఆడవాళ్లు నవ్వుకున్నారు.

"కలలో పెద్దాయన ఎదురుచూడమంటే నువ్వు చెట్లు నాటావమ్మా," అన్నాడు తొకుఎమోన్.

"ఎదురుచూడడం నాకు ఒకరు చెప్పాలా పెద్దయ్యా? మూడేళ్లుగా అదే పని."

ఎండిన మొక్కలు పొయ్యిలోకి పీకుతుంటే, చిరిగిన ఉప్పు బస్తా చాటున ఒక్కటి పచ్చగా కనిపించింది. గాలి తగలనిది అదొక్కటే. ఒహిసా ఒక్క చలికాలం గడువు అడిగింది. తొకుఎమోన్ కాదనలేకపోయాడు. పాత బస్తాలన్నీ విప్పి గడ్డి తడికలు కట్టి, వాటి చాటున మళ్లీ మూడు వందల మొక్కలు నాటింది. ఆ తర్వాత చేయడానికి ఏ పనీ మిగల్లేదు. దిబ్బ కింద కూర్చుని ఎదురుచూసింది.

వసంతం వచ్చేసరికి నూట పన్నెండు బతికాయి. ఇసుక మిగిలిన ఇళ్లలో మొదటిదానికి జానెడు దూరంలో ఆగింది. తొకుఎమోన్ వచ్చి మొక్కల మధ్య చాలాసేపు నిలబడ్డాడు.

"నువ్వు విన్నదీ నిజమే, నేను విన్నదీ నిజమే. ఆ పెద్దాయనే 'మత్సు' అని రెండుసార్లు చెప్పి ఉండాల్సింది," అన్నాడు. ఊరికి మత్సుమత్సు అన్న పేరు అలా నిలిచింది.

ఒహిసా మొక్కల వరుసలో పడవ పట్టేంత ఖాళీ వదిలింది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ పడవ రాలేదు.

నేటికీ ఏటా మార్చిలో ఊరివాళ్లు మూడు వందల మొక్కలు నాటుతారు. ఆ ఖాళీలో మాత్రం నాటరు. అందులోంచి ఇసుక లోపలికి వస్తూనే ఉంటుంది. దర్శనానికి వచ్చిన ప్రతివారూ దోసెడు ఇసుక తీసుకెళ్లి ఒడ్డున పోసి, 'మత్సు, మత్సు' అని సముద్రం వైపు తిరిగి కాసేపు నిలబడాలి. దూరాన ఉన్నవారికి ఇంటి దారి తెరిచే ఉంటుందని ఇక్కడివారి నమ్మకం.