చెదిరిన కొలతలు

కేశవులు మాస్టారు అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పిన పాపాన పోరు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి "కూర్చో, చూద్దాం" అంటారు. మార్కాపురంలో ఆయన నడిపే కంప్యూటర్ కేంద్రంలో అన్నీ లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో నడిచే మిషన్లే. కాగితాల పనికి వాడేది కూడా ఎవరికైనా ఉచితంగా దొరికే లిబ్రెఆఫీసే. అక్కడ నేర్చుకునేవాళ్లలో నేనొకణ్ణి, బడిలో గుమాస్తాగా చేసే హైమావతి ఒకరు.

ఆ రోజు పొద్దున హైమావతి వస్తూనే నిలదీసింది.

"మాస్టారూ, బయట టైపు చేసిన ఫైలు ఇక్కడ తెరిస్తే చెదిరిపోతోంది. ఊరందరిదీ ఒక దారి, మనదొక దారి. ఎందుకండీ ఈ పట్టుదల?"

ఆయన నోరు విప్పేలోపే దర్జీ మస్తాన్‌బీ ఒక కాగితం ఊపుకుంటూ వచ్చింది. బడి పిల్లల యూనిఫారాలు కుట్టే పని ఆమెకు మొదటిసారి దక్కింది. కొలతల జాబితా హైమావతి బడిలో టైపు చేసి పెన్‌డ్రైవ్‌లో ఇస్తే, ముందురోజు మా దగ్గరే ప్రింటు తీసుకుంది. మధ్యాహ్నానికల్లా కత్తిరింపు మొదలుపెట్టకపోతే బట్టలు సోమవారానికి అందవు. బడివాళ్లు పంపిన గుడ్డ సరిగ్గా సరిపోయేంతే. తప్పు కత్తిరిస్తే మళ్లీ గుడ్డ లేదు.

"ఏం హైమమ్మా, ఒకటో తరగతి బుడ్డోడికి ముప్పై నాలుగు నడుమా? ఆ నిక్కర్లో ఇంకో ఇద్దరు పడతారు! చూసుకోకుండా కత్తెర వేసుంటే నా పని గోవిందా. వచ్చే ఏడు నన్ను బడి గడప తొక్కనిస్తారా?" నవ్వుతూనే అని, కాగితం మా ముందు బల్ల మీద పరిచింది.

అందరం తొంగి చూశాం. పొడుగు పేర్లున్న చోట చివరి అంకె జారి కింది వరుస మొదట్లో కూర్చుంది. పేర్ల అక్షరక్రమంలో పైనున్న పదో తరగతివాడి నడుము బుడ్డోడి పేరు పక్కన చేరింది.

"అదిగో, నేను మొత్తుకునేది ఇదే!" అంటూ హైమావతి తన ల్యాప్‌టాప్ తీసి, అందులో డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేరులో అదే ఫైలు తెరిచింది. అంకెలన్నీ బుద్ధిగా వరుసల్లో ఉన్నాయి. నిజం చెప్పొద్దూ, ఆమే గెలిచిందనుకున్నాను.

"బాగుందమ్మా," అన్నారు మాస్టారు. "అక్షరాలు కాస్త పెద్దవి చెయ్యి. మస్తాన్‌బీకి చూపు ఆనదు."

హైమావతి పెద్దవి చేసింది. అంతే! అక్కడా అంకెలు జారి కింది వరుసల్లో పడ్డాయి.

"ఓయమ్మో, దీనికీ అదే రోగమా!" అని మస్తాన్‌బీ పకపకా నవ్వింది.

హైమావతి మొహం ఎర్రబడింది. అంకెల మధ్య ఎడం కోసం స్పేస్ మీట నొక్కుకుంటూ పోయానని మెల్లగా ఒప్పుకుంది. అక్షరాల వెడల్పు ఏ మిషన్లో మారినా ఆ ఎడం చెదరక తప్పదు. తర్వాత ఎవరూ చెప్పకుండానే మా మిషన్ ముందు కూర్చుని గళ్ల పట్టిక వేసింది. పేరుకో గడి, కొలతకో గడి. ఆమె వెంట తెచ్చిన బడి కొలతల పుస్తకం చూసి నేను చదువుతుంటే ఆమె టైపు చేసింది. రెండు మిషన్లలోనూ తెరిచి చూశాం. అక్షరాలు పెంచినా తగ్గించినా ఎవరి నడుము వాళ్ల దగ్గరే ఉంది. పన్నెండు కాకముందే మస్తాన్‌బీ కొత్త ప్రింటు పట్టుకుని దుకాణానికి పరుగెత్తింది.

హైమావతి మాత్రం వదల్లేదు. "ఇంతకీ ఏది మంచిదంటారు మాస్టారూ, అదా, ఇదా?"

"ఏ కొలత ఎవరిదో నీకు తెలుసు తల్లీ," అన్నారాయన. "ఆ మొదటి ఫైలుకి ఆ సంగతి చెప్పావా?"