ఓబుళమ్మ చెలమ

అనగా అనగా పెన్నేటి గట్టున ఒక ఊరంట. పెన్నమ్మ సంగతి చెప్పినా కదా? నంది కొండల్లో పుట్టి, మన సీమ ఎండల్లో నడిచి, గండికోట కాడ కొండను చీల్చుకోని, నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తాది. ఎండాకాలం వస్తే పైనంతా ఇసుక, నీళ్ళు అడుగున. ఇసుక తోడి చెలమ తీస్తేనే కడవ నిండేది. ఊ కొడతాండారా?

ఆ ఊళ్ళో ఇద్దరు తోడికోడళ్ళు. పెద్దది ఓబుళమ్మ, చిన్నది సుంకులమ్మ. ఎవరి చెలమ వాళ్ళది. అత్త మాత్రం చిన్నకోడలి కడవలో నీళ్ళే తాగి, అబ్బ, ఎంత తియ్యగుండాయే అనేది. ఆ మాట వింటే ఓబుళమ్మకు కడుపుమంట. కూచుంటే మంట, పండుకుంటే మంట, సంగటి ముద్ద నోట్లో పెట్టుకుంటే మంట. దానికి తోడు అత్త ఇంకో మాట అనింది. జాతరనాడు ఎవరి నీళ్ళు తియ్యగుంటే వాళ్ళకే ఇంటి తాళాలగుత్తి అంట. ఇంక చూస్కో!

నీ చెలమ నాకియ్యే అని ఓబుళమ్మ సుంకులమ్మను అడిగింది. తీసుకో అక్కా అనిందా పిచ్చిది. ఓబుళమ్మ ఆ చెలమ చుట్టూ ముళ్ళకంప వేసింది. మేకలొస్తే తరిమె, మేకల తాత వస్తే తరిమె, బాటసారి వస్తే తరిమె, కాకి వాలితే కాకినీ తరిమె. జాతరదాకా ఒక్క చుక్క ఎవురూ ముట్టకూడదంట. తనూ ముట్టలా, ఊరిబావిలో ఉప్పునీళ్ళే తాగింది మహాతల్లి!

సుంకులమ్మ ఇంకోచోట తవ్వుకునింది. మేకలు తాగె, మేకల తాత తాగె, బాటసారి తాగె, కాకీ తాగె.

జాతరనాడు ఓబుళమ్మ ముళ్ళు తీసి చూస్తే ఏముంది? పచ్చగా పాచి, ముక్కు మూసుకునేంత వాసన. ఆడనే ఇసుకలో కూలబడి, నదికి కూడా నేనంటే గిట్టదే అని భోరున ఏడ్చింది.

సుంకులమ్మ పరిగెత్తుకోనొచ్చి, లెయ్యక్కా, తోడు అనింది. ఇద్దరూ పాతనీళ్ళన్నీ తోడిపోసినారు. అడుగునుంచి బుడబుడమని కొత్తనీళ్ళు ఊరె. నా చేతిలో మహిమేం లేదక్కా, పదిమందీ తోడుకుంటాంటేనే నీళ్ళు తేటగుండేది అనింది.

ఇద్దరూ కడవలు నింపి తెస్తే, అత్త రెండిట్లోనూ తాగి చూసింది. ఏది ఎవరిదో తెలియలా. తాళాలగుత్తి ఇద్దరికీ అందే గూట్లో పెట్టింది.

ఓబుళమ్మ మంట ఆరిందా అంటారా? యాడ ఆరుతాది! ఇప్పుడు మేకల తాత సుంకులమ్మ చెలమకాడికి పోతే చాలు, మా నీళ్ళకేమొచ్చింది మామా అని చెయ్యి పట్టి లాక్కొస్తాది.

కథ కంచికి పోయె, పెన్నమ్మ కడలికి పోయె, మీరింక నిద్దరకి పోండి.