గూడబాతులకు సారె

అనగనగా అంటాను, ఊఁ కొట్టండి. కొట్టనివాళ్లకి ఈ కథ లేదు.

అనగనగా కేతభూపతి అనే రాజు. అతని ఏలుబడిలో మడుగుపాడు అనే ఊరు, ఊరి పక్కన పెద్ద చెరువు. నీళ్లలోనే నిలబడ్డ కడప చెట్ల మీద ఏటా గూడబాతులు వచ్చి గూళ్లు కట్టేవి. ముక్కు కింద సంచీ ఉండే పెద్ద పక్షులవి. పురిటికొచ్చిన ఆడపడుచులని ఊరు వాటిని పిలుచుకునేది. పిల్లలకు రెక్కలొచ్చేదాకా చెరువుగట్టు ఎవరూ తొక్కేవారు కాదు. డప్పు మోగేది కాదు.

ఈ మాట రాజు చెవిన పడింది. అప్పుడే సొంత కూతురు పురిటికి వచ్చి ఉందేమో, మనసు మెత్తబడింది. ఆడపడుచులైతే సారె పెట్టొద్దా అన్నాడు. గట్టు దాకా వద్దు ప్రభూ అని ఊరిపెద్ద నసిగాడు. రాజు చుట్టూ ఉండే భజనపరులు ఊరుకుంటారా? ఇంతటి దయామయుడు భూమ్మీద లేడన్నారు. నరంలేని నాలుకలు, ఏమైనా అంటాయి.

మొదటి రోజు సన్నాయి మేళంతో పసుపు కుంకుమలు తెచ్చాడు. ఆ మోతకు తల్లులన్నీ లేచిపోయాయి. గూళ్లలో బొచ్చు రాని పిల్లలు నోళ్లు తెరిచాయి. పాపం, ఆకలి అనుకున్నాడు రాజు.

రెండో రోజు పడవల మీద చేపలు తెచ్చి గూళ్లలో పోయించాడు. ఒక్క పిల్లా ముట్టలేదు. తల్లి సంచీలో తల దూర్చి తినడమే తప్ప వాటికి ఇంకో విస్తరి తెలియదు. తల్లులు పైనే తిరుగుతున్నాయి. పాపం, ఎండ అనుకున్నాడు రాజు.

మూడో రోజు గూటికొక గొడుగు పట్టించాడు. గూటి పక్కన మనిషి నిలబడితే తల్లి ఎలా వాలుతుంది? రెక్క విప్పి నీడ ఎలా పడుతుంది? పొద్దు వాలేసరికి పిల్లల మెడలూ వాలిపోయాయి.

గొడుగులు వెళ్లాక ఒక తల్లి దిగింది. సంచీ తెరిచింది. తల దూర్చేవాళ్లు లేరు. తెరిచి అలాగే నిలబడింది.

గట్టు మీద నుంచి చూస్తున్న రాజు నీళ్ల అంచుకు వచ్చాడు. “అమ్మా, మేలు చేద్దామనే వచ్చాను” అన్నాడు.

“మీ అమ్మాయీ పురిటికొచ్చిందటగా రాజా. ఆ గదిలో మేళం పెట్టించావా?”

“లేదమ్మా. చీమను కూడా రానివ్వలేదు.”

“అయితే తెలుసన్నమాట” అంది గూడబాతు.

రాజు తల వంచి, క్షమించమన్నాడు.

“నేను క్షమిస్తే వీడు నోరు తెరుస్తాడా?” అని, సంచీ మూసుకుని ఎగిరిపోయింది.

మరుసటి ఏడు రాజు కిరీటం ఇంట్లో పెట్టి ఒక్కడే వచ్చాడు. చెరువుకు వీపు పెట్టి, గట్టు దారికి కాపలా నిలబడ్డాడు. కొన్నాళ్లకు వెనక రెక్కల చప్పుడైంది. ఎప్పటంత చప్పుడు కాదు, కొద్దిగానే. ఆ తల్లి వచ్చిందో లేదో చూడాలని ప్రాణం కొట్టుకుంది. తల తిప్పలేదు. బతికినన్నాళ్లూ తిప్పలేదు.

అందుకే పెద్దలారా, పిల్లలారా, తల్లికీ బిడ్డకూ మధ్య నిలబడ్డ ప్రేమ పగకన్నా చెడ్డది.