చెయ్యని తప్పుకు పాడిన పద్యం

రండర్రా, ఇటు దగ్గరగా జరిగి కూర్చోండి. ఇవాళ గొంతు బాగా అలిసిపోయింది, గట్టిగా చెప్పలేను.

అనగనగా ఏటి పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక తాటాకుల బడి. ఆ బడికి పేరిశాస్త్రి అనే ముసలి పంతులు.

ఆ బడిలో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరు తప్పు చేసినా అందరి ముందూ నిలబడి, పంతులు కట్టిన పద్యం పాడాలి.

"తప్పు చేశాను నేస్తమా, తలవంచి నిలిచాను,
ఒప్పుకో నా మాట, ఒక్కటై ఆడదాం."

పాడితే చాలు, తప్పు మాసిపోయినట్టే లెక్క.

పిల్లలు ఆ పద్యం బాగా నేర్చారు. మరీ బాగా నేర్చారు. అప్పన్న అనే పిల్లవాడు పక్కవాడి చద్దన్నం తినేసి పాడాడు. పలక పగలగొట్టి పాడాడు. ఒకనాడైతే ముందే పాడేసి, ఆ తర్వాత వెళ్ళి ఒక పిల్ల జడ లాగాడు.

"అదేమిట్రా?" అన్నాడు పంతులు.

"పద్యం అయిపోయింది కదండీ, పంతులుగారూ!"

పిల్లలంతా గొల్లుమన్నారు. పంతులు నిట్టూర్చాడు. ఇరవై ఏళ్ళుగా అదే పద్యం చెప్పి చెప్పి, ఆయనకు కోప్పడే ఓపిక కూడా పోయింది.

ఒక వానాకాలం ఉదయం ఆయన వచ్చేసరికి, గూట్లో పెట్టిన పద్యాల పుస్తకం తడిసి సిరా కారిపోయి ఉంది. పక్కనే నీళ్ళకుండతో గవరమ్మ నిలబడి ఉంది. కుమ్మరుల పిల్ల. ఆ బడిలోనే చదువుకుంటూ, రోజూ బడికి మంచినీళ్ళు తెచ్చేది.

"నీళ్ళు ఒలకబోశావా?"

"నేను కాదండీ."

"విసిగించకు. పద్యం పాడు."

గవరమ్మ పాడింది. పాడి, కుండ అక్కడే దించేసింది.

మధ్యాహ్నం మళ్ళీ వాన పట్టింది. పంతులు తలెత్తి చూశాడు. కప్పులోంచి బొట్టు బొట్టుగా నీళ్ళు సరిగ్గా ఆ గూట్లోకే పడుతున్నాయి. గవరమ్మను పిలుద్దామని ఇటు తిరిగాడు. ఆ పిల్ల చోటు అప్పటికే ఖాళీ.

మర్నాడు పిల్లలందర్నీ గవరమ్మ ఇంటి ముందుకు పంపి పద్యం పాడించాడు. తలుపు తెరుచుకోలేదు.

రెండోనాడు కీళ్ళు నొప్పెడుతున్నా తానే వెళ్ళి, వాకిట్లో నిలబడి పాడాడు. లోపలినుంచి గవరమ్మ అవ్వ వచ్చింది.

"పాట బాగుంది బాబూ. మా పిల్ల మొన్న ఇదే పాడిందట, చెయ్యని తప్పుకి. రేపటినుంచి మేకల వెంట పోతానంటోంది. బడి మాటెత్తితే ఏడుస్తోంది."

పంతులు తలవంచుకుని వెనుదిరిగాడు.

మూడోనాడు తెల్లవారుతూనే మళ్ళీ వెళ్ళాడు, బడిపిల్లల్ని వెంటబెట్టుకుని. గవరమ్మ మేకల్ని విప్పుతోంది. ఈసారి ఆయన పాడలేదు.

"గవరమ్మా, కప్పు కారుతోంది. ఆ సంగతి చూసుకోకుండా నీ మీద నింద వేశాను. కాదని నువ్వు చెప్పినా వినలేదు. అందరి ముందూ నీ చేత తప్పు ఒప్పించాను. అందుకే అందరి ముందూ చెబుతున్నాను. తప్పు నాది తల్లీ."

పిల్లలు నోళ్ళు తెరిచి చూస్తున్నారు. పద్యం లేకుండా ఎవరైనా తప్పు ఒప్పుకోవడం వాళ్ళు ఎన్నడూ వినలేదు.

గవరమ్మ మేక పలుపుతాడు వేలికి చుట్టుకుంది.

"నాకింకా కోపం పోలేదండీ," అంది.

"పోనక్కర్లేదమ్మా. కోపంతోనే రా. నేను కాచుకుంటాను."

అవ్వ ఆమె చేతిలోని తాడు మెల్లగా తీసుకుంది. "మేకల్ని నేను తోలుకుపోతాలే, నువ్వెళ్ళు."

గవరమ్మ బడికి వచ్చింది. పంతులు వైపు చూడకుండా గోడవారగా కూర్చుంది. ఆయనా తొందరపెట్టలేదు. నాలుగో నాడో అయిదో నాడో, పాఠం మధ్యలో ఆయనకు దగ్గు ముంచుకొచ్చింది. గవరమ్మ లేచి వెళ్ళి, చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఇచ్చి, "మెల్లగా తాగండి," అంది.

అంతే కథ. ఇక లేవండి, ఇళ్ళకు పోయి అన్నాలు తినండి. ఎవరినైనా నొప్పించి ఉంటే, ఏం చేశారో ఉన్నదున్నట్టు చెప్పి ఒప్పుకోండి, వాళ్ళ మనసు కరిగేదాకా ఓపికగా కాచుకోండి.