తాబేలు పెళ్ళికి పదికి పది

వెలిచెర్ల రాజు నాగమల్లదేవుడికి ఏటా ఎండలు ముదరగానే ఒక వెర్రి కోరిక పుట్టేది. ఆ ఏడు పుట్టింది ఇది: కోట పాఠశాలలో చదివే ఆరుగురు శిష్యులూ ఒకే పాత కథను తమకు తోచినట్టు మార్చి రాయాలి. ఆపైన తమ రచనకూ, తోటివాళ్ళ రచనలకూ పదికి ఇన్ని అని వాళ్ళే మార్కులు వెయ్యాలి. ఆ కాలంలో వాటిని మార్కులనేవారో లేదో నాకు తెలియదు. నాకు అలవాటైన మాట వాడుతున్నాను.

కథ చిన్నదే. నెమలి తాబేలును పెళ్ళాడ్డానికి వస్తుంది. పట్టపగలు ముహూర్తం వేళకు పెళ్ళికూతురు సిగ్గుపడి డిప్పలోకి దూరిపోతుంది. ఎవరెంత పిలిచినా రాదు. ఎలా రప్పించాలన్నదే పేచీ.

ఒకడు యక్షగానం కట్టాడు. లింగప్ప కోలాటం పాట చేశాడు. తోలుబొమ్మలవాళ్ళ పిల్ల గంగి బొమ్మలాట రాసింది. వీళ్ళ గురువు భైరవావధాని కూడా, ఎవరూ అడక్కుండానే, ఒక కావ్యం రాశాడు. అందులో చంద్రుడి మీదే నలభై పద్యాలు.

"ముహూర్తం పట్టపగలు కదండీ?" అంది బయ్యమ్మ. కోటలో తాటాకు పుస్తకాలు చూసుకునే ఆవిడ పేరది.

"వర్ణనకు పగలేమిటమ్మా, రాత్రేమిటి!" అన్నాడు అవధాని.

మార్కులు వచ్చాయి. ప్రతివాడూ తనకు పది వేసుకున్నాడు. మిగతావాళ్ళకు ఒకటి, మహా అయితే రెండు. గంగి కూడా తక్కువ తినలేదు, తనకు పదే వేసుకుంది. అవధాని సరేసరి.

"పదికి మించకూడదన్నారు కాబట్టి ఆగాను ప్రభూ" అన్నాడు.

వాళ్ళను చూసి నవ్వే అర్హత నాకు లేదు. నేను బి.ఏ. చదివే రోజుల్లో, అంటే నోట్లో పళ్ళన్నీ ఉన్న రోజుల్లో, మా తెలుగు మాస్టారు ఒక పాఠాన్ని నాటకంగా మార్చమని, ఎవరి మార్కులు వాళ్ళనే వేసుకోమన్నారు. నేను తొంభై ఎనిమిది వేసుకున్నాను. ఆ రెండూ వినయం కింద తగ్గించాను. నా పక్క బెంచీవాడికి ముప్పై నాలుగు వేశాను, పాసు మార్కుకు ఒకటి తక్కువ. తీరా స్టేజి ఎక్కాక వాడి నాటకానికి జనం ఈలలు వేశారు. నా నాటకం రెండో అంకానికి హాల్లో మిగిలింది మా మావయ్య ఒక్కడే. ఆయనకు సైకిలు తాళంచెవి దొరకలేదట. సరే, నా గొడవ ఎందుకు?

అవధాని ఈ అవకాశం వదల్లేదు. "చూశారుగా ప్రభూ! తమను తాము తూచుకోవడం వీళ్ళవల్ల కాదు. రేపటి నుంచి వల్లెవేత చాలు. ఆ బొమ్మల పిల్లను ఇంటికి పంపెయ్యండి. అదేం సాహిత్యం?"

గంగి ముఖం పాలిపోయింది. చదువుకోడానికి కోటలో అడుగుపెట్టిన మొదటి పిల్ల వాళ్ళ కులంలో అదే.

"రెండు రోజులు గడువివ్వండి" అంది బయ్యమ్మ. "సరైన మార్కులు వాళ్ళ చేతే వేయించి తెస్తాను. తేలేకపోతే గంగితో పాటు నన్నూ పంపించెయ్యండి."

రాజు ఒప్పుకున్నాడు.

బయ్యమ్మ అందరినీ పిలిచింది. "ఎల్లుండి సంతజనం ముందు మీ ఆటలు. మొదటి ప్రతులు నా దగ్గరే ఉంటాయి. ఈలోగా ఎవరిది వాళ్ళు దిద్దుకోండి. ఏం తీసేసినా అడగను. ఇంకొకరి దాంట్లోంచి ఏం తెచ్చుకున్నా అడగను. అవధానిగారూ, మీరు కూడా."

"నాకు దిద్దుకోవలసింది ఏముంటుందమ్మా?" అన్నాడాయన.

ఎల్లుండి వచ్చింది. కోట ముందు సంతజనం కిక్కిరిసి కూర్చున్నారు.

యక్షగానంలో నెమలి వచ్చి డిప్ప మీద తట్టింది. "ఇంట్లో ఎవరైనా ఉన్నారా?"

లోపలి నుంచి తాబేలు: "ఉన్నాను. ఆ ఈకలు బయట పెట్టి లోపలికి రా."

జనం పగలబడి నవ్వారు. లింగప్ప కోలాటంలోనూ నెమలి డిప్ప తట్టింది, తాబేలు ఈకలు బయట పెట్టమంది. మూడో ఆటలోనూ అంతే. నాలుగోదీ, ఐదోదీ అంతే. అవధాని కావ్యంలో అదే ముక్క శార్దూల పద్యంలో వచ్చింది.

గంగి బయ్యమ్మ దగ్గరికి పరిగెత్తింది, కళ్ళనిండా నీళ్ళతో. "అమ్మా, నా బొమ్మలాటలో ముక్క అందరూ ఆడేసుకున్నారు. ఇంక నేనేం ఆడను?"

"కూర్చోవే పిచ్చిదానా! నీ ఆట ఇప్పటికి ఆరుసార్లు ఆడారు."

బయ్యమ్మ మొదటి ప్రతులూ, దిద్దిన ప్రతులూ రాజు ముందు పక్కపక్కన పరిచింది.

"ఏమిటివి?" అన్నాడు రాజు.

"మీరడిగిన మార్కులు ప్రభూ. ఎవరు తమ దాంట్లోంచి ఏది తీసేశారో, అది తమకు తాము వేసుకున్న మార్కు. ఎదుటివాళ్ళ దాంట్లోంచి ఏది ఎత్తుకొచ్చారో, అది వాళ్ళకు వేసిన మార్కు!"

రాజు ఆకులు తిప్పి చూశాడు. మిగతా ఐదుగురు శిష్యులూ, అవధానీ గంగికి మార్కులు వేశారు. గంగి కూడా తన ముగింపు పీకేసి లింగప్ప కోలాటం పాట పెట్టుకుంది. ఆ పిల్ల తల దించుకుంది. లింగప్ప తల ఎత్తాడు.

"అవధానిగారూ, మీ చంద్రుడేడీ?"

"అస్తమించాడు ప్రభూ" అన్నాడు అవధాని, గొంతు సవరించుకుని. "సంతజనం అనేసరికి భయం వేసి, మా ఆవిడకు చదివి వినిపించాను. రెండో పద్యానికి ఆవిడ నిద్రపోయింది. నాలుగో పద్యానికి నేను."

సభ గొల్లుమంది. రాజు తన పట్టుశాలువా తీసి బయ్యమ్మకు కప్పాడు. గంగి చేతికి తన కంకణం తొడిగి, చదువు పూర్తయ్యేదాకా కోటలోనే ఉండమన్నాడు.

"ఇప్పుడు చెప్పండి అవధానిగారూ. గంగికి ఎన్ని?"

"పది ప్రభూ."

"మరి మీకు?"

అవధాని వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకున్నాడు.

"చంద్రుణ్ణి తీసేసినందుకు ఒకటి వేసుకోనివ్వండి ప్రభూ!"