తిరిగొస్తానన్నవాడు

వకుళాదేవి గారు శిష్యులు అడిగినదానికి అడిగిన రోజున జవాబు చెప్పరు. "విన్నాను" అని మాత్రం అంటారు. వారానికో నెలకో, అడిగినవాడు ఆ సంగతి మరిచిపోయాక, ఏదో పని పెట్టుకుని వాణ్ణి వెంట తీసుకుని బయల్దేరతారు. జవాబు ఆ పనిలోనే ఎక్కడో ఉంటుంది. అందుకుంటే అందుకున్నట్టు, లేకపోతే లేదు. నలభై ఏళ్ళపాటు ఎందరో కథానాయికలకు తెర వెనక గొంతు ఇచ్చిన మనిషి ఆవిడ. ఇప్పుడు కృష్ణానగర్‌లో చిన్న డబ్బింగ్ స్టూడియో నడుపుతూ పదిమందికి మాట పలకడం నేర్పుతున్నారు.

ఆ పదిమందిలో శివనాగు మీద ఆవిడకు గురి ఎక్కువ. బెజవాడ వాడు, ఇరవై తొమ్మిదేళ్ళు. మిమిక్రీతో మొదలుపెట్టి, చిన్నాచితకా వేషాలకు గొంతు ఇస్తూ వచ్చాడు. ఆ ఏడాది ఒక జపాన్ యానిమే బొమ్మల సీరియల్ తెలుగులోకి దిగుతుంటే అందులో హీరో గొంతు వాడికి దక్కింది. కెంజి అని ఒకడు. ఎందుకూ కొరగాకుండా బతుకుతున్న ఆ కెంజి, కాలంలో పన్నెండేళ్ళు వెనక్కి వెళ్ళి మళ్ళీ బడికి పోయే కుర్రాడవుతాడు. ఆ రోజుల్లో రెండు కుర్ర ముఠాల కొట్లాటలో వాడి స్నేహితుడు చచ్చిపోయాడు. ఆ చావు తప్పించాలని వెళతాడు, చేతకాక తిరిగొస్తాడు, మళ్ళీ వెళతాడు. సీరియల్ రెండో నెలకే ఇంటింటా పాకింది. కెంజి గొంతుతో పిల్లలు ఒకరినొకరు పిలుచుకోవడం శివనాగు బస్సుల్లో స్వయంగా విన్నాడు.

ఒక మధ్యాహ్నం ఒక్క మాట దగ్గర వాడు ఆగిపోయాడు. వంతెన కింద, చుట్టూ శత్రువులు మూగిన స్నేహితుడి ముందుకు వచ్చి నిలబడి కెంజి అంటాడు: "వచ్చాన్రా. ఈసారి పారిపోను." పదకొండు టేకులు చేశారు. మాట సరిగ్గానే పడుతోంది, అందులో మనిషి లేడు. వకుళాదేవి గారు చెయ్యెత్తి ఆపేశారు. సౌండ్ ఇంజినీరు టీకి వెళ్ళాడు. శివనాగు బయటికి వచ్చి ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మా, నిజంగా ఎవరైనా ఒక్కరోజు వెనక్కి ఇస్తే, చేసిన తప్పు మనిషి దిద్దుకోగలడంటారా?"

"ఏ రోజు?" అన్నారావిడ.

అంత సూటిగా అడుగుతారని వాడు అనుకోలేదు. తల దించుకుని చెప్పాడు. ఇంటర్ చదివే రోజుల్లో కాలువ గట్టు మీద తమదొక బ్యాచ్. రైల్వే గేటు అవతల ఇంకో బ్యాచ్. ఎవరిదో పుట్టినరోజుకు కట్టిన ఫ్లెక్సీ చిరిగింది. చింపింది శివనాగే. అవతలివాళ్ళు ఫోన్ చేసి తిడితే "దమ్ముంటే గట్టు మీదికి రండ్రా" అన్నదీ వాడే. వాళ్ళు ఇరవైమంది వచ్చారు, బ్యాట్లు, సైకిల్ చైన్లు పట్టుకుని. తమ వాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. ఏసుబాబు ఒక్కడు మిగిలాడు. ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. శివనాగు బండి స్టార్ట్ చేసి, "ఏసూ, నువ్వుండు, మనోళ్ళని తీసుకుని తిరిగొస్తా" అన్నాడు.

"వెళ్ళావా?"

"లేదమ్మా."

ఏసుబాబు ఎడమకాలు మూడుచోట్ల విరిగింది. మోకాలు ఇక వంగదని డాక్టర్లు తేల్చేశారు. పోలీసులు ఎన్నిసార్లు అడిగినా వాడు శివనాగు పేరు చెప్పలేదు. ఆ వారంలోనే శివనాగును వాడి మేనమామ హైదరాబాద్ బస్సెక్కించాడు. ఆస్పత్రికి వెళ్ళి చూసింది లేదు. ఫోను చేసింది లేదు.

"ఆ అబ్బాయి ఇప్పుడెక్కడున్నాడు?"

"తెలీదమ్మా."

"విన్నాను," అన్నారు వకుళాదేవి గారు. ఆ సీను పక్కన పెట్టి తర్వాతి సీను తీసుకున్నారు.

తెలీదన్నది అబద్ధం. బస్టాండు దగ్గర ఏసుబాబు సెల్‌ఫోన్ల కొట్టు పెట్టాడనీ, పెళ్ళయిందనీ, కూతురుందనీ వాడికి తెలుసు. నాలుగేళ్ళుగా ఆ కొట్టు ఫొటో ఫోనులో అప్పుడప్పుడు తీసి చూసుకునేవాడు. చూసి మూసేసేవాడు.

మూడు వారాల తర్వాత బెజవాడలో ఏదో కాలేజీ వార్షికోత్సవానికి వకుళాదేవి గారిని పిలిచారు. తోడు రమ్మంటే శివనాగు వెళ్ళాడు. సభ ఒంటిగంటకల్లా ముగిసింది. తిరుగు రైలు అయిదింటికి. ఆవిడ ఆటో ఎక్కి కూర్చుని, "అతనికి దారి చెప్పు" అన్నారు.

"ఎక్కడికమ్మా?"

"నువ్వు తెలీదన్న చోటికి."

వాడి నోరు దానంతటదే దారి చెప్పింది. కొట్టుకు ఎదురుగా, రోడ్డుకు ఇవతల ఒక టీ బంకు ఉంది. ఆవిడ అక్కడ కొట్టు కనబడేలా బల్ల మీద కూర్చుని, "నేనిక్కడ ఉంటాను, నువ్వెళ్ళు" అని, టీ చెప్పారు.

శివనాగు రోడ్డు దాటాడు. కొట్టుకు మూడు మెట్లు. రెండో మెట్టు మీద ఉండగానే లోపలి మనిషి తలెత్తాడు. కాస్త లావెక్కాడు, జుట్టు పలచబడింది. ఎడమకాలు ఒక స్టూలు మీద కర్రలా చాపి ఉంది.

"రా..." అన్నాడు ఏసుబాబు. ఒక్క క్షణం ఆగి, "రండి సార్. కూర్చోండి" అన్నాడు.

శివనాగుకు గడ్డం ఉంది, కళ్ళజోడు ఉంది. పన్నెండేళ్ళయింది. గుర్తుపట్టి ఉండడని వాడు గట్టిగా అనుకున్నాడు. ఫోను తీసి, గొంతు తగ్గించి, "స్క్రీన్ గార్డు వేయాలి" అన్నాడు.

"వేద్దాం సార్. కొంచెం టైం పడుద్ది. పర్లేదా?"

"పర్లేదు."

ఏసుబాబు పాత గ్లాసు ఊడదీసి ఫోనును పక్కన పెట్టాడు. ఇద్దరు గిరాకీలు వస్తే వాళ్ళ పని చూసి పంపాడు. ఒకామె చార్జర్ తీసుకుని వెళ్ళింది. ఏసుబాబు మళ్ళీ శివనాగు ఫోను అందుకుని, మెత్తటి గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. కొట్టులో వాళ్ళిద్దరే. పైన ఫ్యాను కిరకిరలాడుతోంది. "ఏసూ, నేన్రా" అన్న మాట శివనాగు గొంతుదాకా వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా ఆ మాటను వాడు సాధన చేస్తున్నాడు. ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా తెలుసు. నోరు తెరిచాడు. కాలు ఎలా ఉందని అడగాల్సి వస్తుంది. ఎందుకు రాలేదురా అని వాడు అడుగుతాడు. నోరు మూసుకున్నాడు.

"హైదరాబాదా సార్?" అన్నాడు ఏసుబాబు, తలెత్తకుండా.

"ఆఁ."

"మా పాప ఆ జపాన్ బొమ్మల సీరియల్ ఒకటి చూస్తది. ఫ్రెండు కోసం పాతరోజుల్లోకి పోతా ఉంటాడే, అది. నేనూ కూర్చుంటా దాని పక్కన. ఆ హీరో గొంతు వింటే ఎక్కడో విన్నట్టే ఉంటది సార్."

శివనాగు రోడ్డు వైపు చూశాడు. ఒక బస్సు వచ్చి ఆగింది, జనం దిగారు, బస్సు వెళ్ళిపోయింది. "నేను చూడను" అన్నాడు.

ఏసుబాబు ఫోను తుడుస్తూనే ఉన్నాడు. లేని ధూళి ఊదాడు, వెలుతురుకు పెట్టి చూశాడు, మళ్ళీ తుడిచాడు. చాలాసేపటికి కొత్త గ్లాసు తీసి అంటించి, బొటనవేలితో అంచులు నొక్కి, ఫోను గాజుబల్ల మీద పెట్టాడు. దాని మీద నుంచి చెయ్యి తీయలేదు.

"ఇంకేమన్నా ఉందా సార్?"

"లేదు."

"చూసుకోండి. మళ్ళీ ఇంతదూరం రావాలంటే కష్టం కదా."

"ఏం లేదు" అన్నాడు శివనాగు. డబ్బులిచ్చి, ఫోను జేబులో వేసుకుని, మూడు మెట్లు దిగాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

వకుళాదేవి గారి ముందు టీ గ్లాసులు రెండు ఖాళీగా ఉన్నాయి.

"స్క్రీన్ గార్డు వేయించుకున్నానమ్మా. గుర్తుపట్టలేదు" అన్నాడు.

"నువ్వు చెప్పావా?"

"జనం ఉన్నారమ్మా. ఇంకోసారి తీరిగ్గా వస్తాను."

ఆవిడ లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకున్నారు. రైల్లో కిటికీ పక్కన కూర్చుని హైదరాబాద్ దాకా ఆ సంగతి ఎత్తలేదు. మాట పడాల్సి వస్తుందని భయపడ్డ శివనాగుకు ఆ మౌనం హాయిగానే అనిపించింది. నల్గొండ దాటేసరికి నిద్రపోయాడు.

సోమవారం పొద్దున ఆవిడ పాత సీను బయటికి తీశారు. వంతెన, శత్రువులు, మధ్యలో స్నేహితుడు. శివనాగు మైకు ముందు నిలబడ్డాడు. తెర మీద కెంజి పరుగెత్తుకుంటూ వచ్చి ఆగాడు. శివనాగులో ఏం కదిలిందో వాడికే తెలియదు.

"వచ్చాన్రా. ఈసారి పారిపోను."

మాట చివర గొంతు పగిలింది. సీను అయిపోయినా ఏడుపు ఆగలేదు. మైకు స్టాండు పట్టుకుని, భుజాలు కదిలిపోతూ, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అద్దం అవతల సౌండ్ ఇంజినీరు లేచి నిలబడ్డాడు. సీరియల్ కంపెనీ నుంచి వచ్చిన ఆమె కళ్ళు తుడుచుకుంది. ఒరిజినల్‌లో కూడా ఇంత బాగా లేదని ఆమె వకుళాదేవి గారితో అంది. తోటి శిష్యులు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి వాణ్ణి కౌగిలించుకున్నారు. ఒక్క టేకు. అన్నేళ్ళలో వాడు చెప్పిన మాటలన్నిటిలోకీ అదే గొప్పదని అందరికీ తెలిసింది, వాడికీ తెలిసింది.

ముఖం తుడుచుకుని వాడు బయటికి వచ్చి గురువుగారి ముందు నిలబడ్డాడు. ఎర్రబడ్డ కళ్ళలో ఒక వెలుగు ఉంది. ఆవిడ నోటి నుంచి ఒక్క మెచ్చుకోలు కోసం చూస్తున్నాడు.

వకుళాదేవి గారు హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టారు.

"బాగా చెప్పావు. ఇది ఉంచుదాం" అన్నారు. మిగతావాళ్ళు టీకి కదిలేదాకా ఆగి, వాడి వైపు చూడకుండా, తర్వాతి సీను కాగితాలు వెతుక్కుంటూ అన్నారు:

"స్క్రీన్ గార్డు వేయడానికి అయిదు నిమిషాలు పట్టదు నాయనా. ఆ అబ్బాయి నీ ఫోను ముప్పావుగంట తుడిచాడు."