జడల పట్టా తిరగేసిన పైడమ్మ

ఇంతవరకూ ఈ చేత్తో కథంటూ రాసింది లేదు. పొయ్యి దగ్గర పిల్లలకి చెప్పడమే గాని, కాగితం మీద పెట్టడం ఇదే మొదలు. తప్పులుంటే మీరే సర్దుకుని చదువుకోండి.

అనగా అనగా, మన తాతల తాతలు ఇంకా ఉయ్యాల్లో ఊగుతున్న కాలంలో, కందిగెడ్డ అనే చిన్న రాజ్యం ఉండేది. ఆ రాజుగారికి సింహాసనం లేదు. జడల పట్టా ఉండేది.

రాజుగారి నాయనమ్మ ఊరూరా తిరిగి ఇంటికో పాతగుడ్డ అడిగి తెచ్చింది. వాటిని పీలికలు చేసి, మూడేసి పాయలు జడలా అల్లింది. ఆ జడని నేల మీద గుండ్రంగా చుట్టుకుంటూ, చుట్టుకీ చుట్టుకీ మధ్య కుట్టు వేసి, పదిమంది కూర్చునేంత పట్టా చేసింది. తగువు తీర్చే రాజూ, తగువు చెప్పుకునే మనిషీ ఆ పట్టా మీదే ఎదురెదురుగా కూర్చోవాలని కట్టడి పెట్టింది.

ఆ పట్టా ఊడ్చే పని పైడమ్మది. పైడమ్మ పనిలో గట్టిది, మాటకి మహా బిడియం. ఎవరు పలకరించినా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. పట్టాని వారానికోసారి తిరగెయ్యాలని ఆమెకి తెలుసు. అడుగున చేరిన ఇసక కుట్లని కొరికేస్తుందనీ తెలుసు. కానీ సభ తలుపు తీసేది రాజుగారు వచ్చి కూర్చోడానికే. ఆయన కూర్చున్నాక చుట్టూ ఊడ్చేది, ఆయన లేవగానే తాళం పడుతుంది. కూర్చున్న రాజుని లెమ్మని చెప్పేదెవరు? 'రేపు చెబుదాంలే' అనుకునేది. అలా ఏళ్లు గడిచాయి.

పట్టా మాసింది. వాసన కూడా పట్టింది. ఒకనాడు మంత్రి ముక్కు మూసుకుని, "ప్రభూ, ఇది సభా, పశువుల సాలా? పట్టు తివాచీ పరిపిద్దాం" అన్నాడు.

"నాయనమ్మ చేతి పని. ముందు బాగుచేయించి చూడండి. కుదరకపోతే మీ ఇష్టం" అన్నాడు రాజు.

మొదటిరోజు భటులు పట్టాని గోడకి వేలాడేసి కర్రలతో బాదారు. దుమ్ము లేచింది. భటులు తుమ్మారు. అంచు కుట్లు పటపటా తెగాయి. స్తంభం చాటు నుంచి పైడమ్మ చూసింది. నోటిదాకా వచ్చిన మాట మింగేసింది.

రెండోరోజు అత్తరు వర్తకుడొచ్చి పట్టా నిండా సంపెంగ నూనె చల్లాడు. సభంతా ఘుమఘుమలాడింది. రాజుగారు కూర్చుని లేచేసరికి తెల్లటి పంచె వెనక బండిచక్రమంత జిడ్డు మరక! సభలో అందరూ ఒక్కసారే పైకప్పు కేసి చూశారు. పైడమ్మ మాట మళ్లీ మింగేసింది.

మూడోరోజు పట్టా మూలకి పోయింది. పట్టు తివాచీ పరిచారు. కుండలు కాల్చే ఆవం కూలిపోయిన కుమ్మరి సింహాలమ్మ తగువు చెప్పుకోడానికి వచ్చింది. గుమ్మంలోనే భటుడు కర్ర అడ్డం పెట్టాడు.

"ఆగవే! ఆ మట్టికాళ్లతో పట్టు తొక్కుతావా? ఇక్కణ్ణించే అరిచి చెప్పు."

"ఇక్కణ్ణించి అరిస్తే నా గోల వినబడతాది గాని, నా ఏడుపు కనబడతాదేటయ్యా?" అంది సింహాలమ్మ.

ఆ మాట పైడమ్మకి గుండెల్లో గుచ్చుకుంది. కొంగు నోటి మీంచి తీసి నడుముకి దోపింది.

"ప్రభూ, ఆ పట్టా నాకివ్వండి. మూడురోజులు గడువివ్వండి."

మంత్రి నవ్వాడు. "వాళ్లకి ఒక్కో రోజు చాలింది. నీకు మూడెందుకే?"

"పాడుచెయ్యడానికి ఒక్కరోజు చాలండి. బాగుచెయ్యాలంటే ఒకరోజు కుట్టాలి, ఒకరోజు ఉతకాలి, ఒకరోజు ఆరబెట్టాలి."

రాజు మీసం చాటున నవ్వుకున్నాడు. "సరే. నాలుగోనాటికి పట్టా రాకపోతే తివాచీయే ఖాయం."

మొదటిరోజు పైడమ్మ పట్టాని బోర్లించి ఇసకంతా దులిపింది. తెగిన కుట్లన్నీ తిరిగి వేసింది. కుట్టకుండా తడిపితే నీళ్ల బరువుకి ఊడిపోతుందని ఆమెకి తెలుసు. అల్లికలో వాళ్ల అమ్మమ్మ ఆకుపచ్చ కోక పీలిక కనబడింది. సూది ఇంకా గట్టిగా పట్టుకుంది.

రెండోరోజు జిడ్డు మీద శనగపిండి చల్లి దులిపింది. తడి తెల్లగుడ్డతో ఒక్కో రంగూ అద్ది, దిగడం లేదని చూసుకుంది. చన్నీళ్లలో కుంకుడురసం కలిపి ఉతికింది. పిండలేదు, మెలిపెట్టలేదు. అరచేతులతో నొక్కి నొక్కి నీళ్లు తీసింది.

మూడోరోజు నీడలో వరిగడ్డి పరిచి, దాని మీద ఆరేసింది. బాదిన భటుడే అటొచ్చి, "దండెం మీద వెయ్యవే అత్తా, చిటికెలో ఆరతాది" అన్నాడు.

"సాగి గంపలా అయిపోద్ది నాయినా. నీ వైద్యం మొన్న చూశాను గాని, నీ పని చూసుకో."

గడియకోసారి తిరగేసింది. నడుము విరిగిపోయింది. అయినా కూర్చోలేదు.

నాలుగోనాడు సభలో పట్టా పరిచారు. ఇంటింటి రంగూ విడివిడిగా మెరిసింది. సింహాలమ్మ మట్టికాళ్లతోనే వచ్చి రాజుగారి ఎదురుగా కూర్చుని, కడుపులోదంతా చెప్పుకుంది. పట్టు తివాచీని చుట్టి మంత్రిగారింటికి పంపేశారు.

మర్నాడు పొద్దున్న రాజుగారు వచ్చి కూర్చున్నారు. పైడమ్మ చీపురు పట్టుకుని తిన్నగా ఆయన దగ్గరికే నడిచింది.

"ప్రభూ, ఒక్కసారి లేవండి. ఆరినట్టే ఉంటాది గాని అడుగున చెమ్మ తీరదు. పట్టా తిరగెయ్యాలి. ఇంక వారం వారం ఇంతే."

మంత్రి నోరు తెరిచాడు. రాజుగారు మాత్రం లేచి నిలబడి, "ఎటువైపు పట్టుకోమంటావమ్మా?" అని రెండో అంచు అందుకున్నారు.

కాబట్టి పిల్లలూ, పని తెలిసినవాళ్లు బిడియపడి ఊరుకుంటే అడుగున మురికి పేరుకుంటుంది. తెలిసిన మాట వేళకి చెప్పడం కూడా పనిలో భాగమే.